టెయిల్‌గేట్‌కి రమ్మంటున్నారు, నాకు ఆటే తెలీదు. వెళ్ళాలా?

కొత్త ఎంఎస్ విద్యార్థి, కాలేజ్ స్టేషన్ (ఆగస్టు 2025)

అందరికీ నమస్కారం. టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో ఎంఎస్‌కి వచ్చి పది రోజులైంది. మాది ఖమ్మం. మా రూమ్మేట్లు, వాళ్ళ సీనియర్లు కలిసి ఈ సీజనంతా టెయిల్‌గేట్ (ఆట రోజున స్టేడియం బయట టెంట్లు వేసుకుని వండుకుతినే విందు) పెడతారట. నన్నూ చేరమంటున్నారు, ముందే కొంత డబ్బు వేసుకోవాలంటున్నారు. 30న మొదటి ఆట, అమెరికన్ ఫుట్‌బాల్. నాకు ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదొక్కటే తెలుసు. మందు అలవాటు లేదు. స్పోర్ట్స్ పాస్ కొనలేదు. చదువు, క్యాంపస్‌లో పని వెతుక్కోవడం, వీటి మధ్య శనివారాలన్నీ దీనికి పెట్టాలా? వెళ్ళకపోతే ఏమైనా అనుకుంటారా? కాస్త టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

పీహెచ్‌డీ నాలుగో ఏడు, అదే ఊరు

తమ్ముడూ, వెళ్ళు. ఆట రాకపోవడం అడ్డేమీ కాదు. ఆ టెంట్ల కింద కూర్చునేవాళ్ళలో స్టేడియంలోకి అడుగుపెట్టని వాళ్ళు బోలెడంతమంది. టెంటులోనే టీవీ పెట్టుకుని చూస్తారు. కొందరు టీవీ కూడా చూడరు.

మాది నరసరావుపేట పక్కన పల్లె. చిన్నప్పుడు శివరాత్రికి మా ఊరి ప్రభతో కోటప్పకొండ వెళ్ళేవాళ్ళం. ప్రభ కొండ కిందికి చేరాక ఇక పిల్లలకి చేసే పనేముంటుంది? పక్క ఊరివాళ్ళు ఎంత ఎత్తు కట్టారో చూడటం, బండి నీడలో కూర్చుని తెచ్చుకున్నది తినడం, ఏడాదికోసారి కనిపించే మేనత్త కొడుకుని వెతుక్కోవడం. ఇక్కడ మొదటిసారి ఆగీ పార్క్ చుట్టూ టెంట్ల వరసలు చూసినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. ఏటా అదే చెట్టు, అదే గుంపు, అదే పాత గ్రిల్. స్వామి దర్శనం చేసుకోకుండా తిరునాళ్ళ చూసొచ్చేవాళ్ళు మన దగ్గర లేరా? ఇదీ అంతే.

అయితే ఒక్క మాట. ఊరికే తిని రావద్దు, ఒక పని పట్టుకో. నా మొదటి ఏడు రెండు ఆటలకి వెళ్ళి, చేతిలో ప్లేటు పట్టుకుని ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాను. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ పలకరించనూ లేదు. నాకు నచ్చలేదని ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను కూడా. మూడో ఆటకి ఒక సీనియర్ ఫోన్ చేసి, దారిలో రెండు బస్తాల ఐస్ పట్టుకురమ్మన్నాడు. తెచ్చాను. ఆ రోజు నుంచి నా పేరు ‘ఐస్ అన్న’. ఇప్పటికీ నా అసలు పేరు తెలియని వాళ్ళు నన్ను అలాగే పిలుస్తారు. ఐస్ తేవడం, చోటు పట్టుకోవడం, గ్రిల్ దగ్గర నిలబడటం, ఏదైనా సరే. అన్నింటికంటే ఎవరూ ముట్టనిది చివర్లో టెంటు మడిచి చెత్త ఎత్తే పని. అది నువ్వు తీసుకున్నావంటే నీకిక తిరుగులేదు.

డబ్బుల సంగతి. పోయిన సీజన్‌లో మా గుంపులో ఆటకి మనిషికి 12 నుంచి 15 డాలర్లు పడింది. టెంటు, కూలర్లు, గ్రిల్ అన్నీ పాతవే, ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కి వస్తున్నాయి. నిన్ను కొత్త టెంటుకని పెద్ద మొత్తం అడిగితే మాత్రం, చదువయ్యాక ఆ టెంటు ఎవరింటికి వెళ్తుందో అడుగు. మొహమాటం వద్దు. సీజనంతా అన్నారని హడలిపోకు. మన ఊళ్ళో జరిగేవి ఏడు ఆటలే. సెప్టెంబరు 27, అక్టోబరు 4, 11 వరసగా మూడు వారాలు పడ్డాయి, మిడ్‌టర్ములూ అప్పుడే వస్తాయి. వాటిలో ఒకటి వదిలెయ్, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇంకో రెండు విషయాలు సీరియస్‌గా. తాగి బండి నడిపేవాడి కారెక్కకు, నువ్వు తాగితే స్టీరింగ్ ముట్టకు. 21 నిండితే తాగొచ్చు, నిజమే. కానీ తాగి నడిపిన కేసులో అరెస్టయితే చాలు, నేరం రుజువు కాకముందే వీసా రద్దు చేయొచ్చు. కోర్టులో బయటపడినా మళ్ళీ వీసా స్టాంపింగ్ దగ్గర ఆ కథంతా మళ్ళీ చెప్పుకోవాలి. ఇక రెండోది, ఖర్చు పంచుకోవడం వేరు, బిర్యానీ ప్యాకెట్లు అమ్ముకోవడం వేరు. ఎఫ్-1 (స్టూడెంట్) వీసా మీద ఉన్నవాళ్ళు రెండోదాని జోలికి పోవద్దు. సరదాగా మొదలుపెట్టినా అనుమతి లేని సంపాదన కిందికే వస్తుంది.

కారు ఉంటే శుక్రవారం మధ్యాహ్నమే క్యాంపస్ పార్కింగ్ లాట్‌లోంచి తీసెయ్. ఆటల రోజున కొన్ని లాట్లు ఖాళీ చేయిస్తారు. ఈమెయిల్ వస్తుంది, మనం చదవం. నేనూ చదవలేదు. శనివారం పొద్దున పులిహోర గిన్నె పట్టుకుని వచ్చి చూస్తే, కారు ఉండాల్సిన చోట ఎవరిదో గ్రిల్ పొగలు కక్కుతోంది. ఆ పులిహోరతోనే బస్సెక్కి కారు విడిపించుకోవడానికి వెళ్ళాను.

చదువు ముగించి ఇక్కడే ఉద్యోగం చేస్తున్న ఒక అక్క

పైన తమ్ముడు చెప్పినవన్నీ బాగున్నాయి కానీ ఎండ మాట మర్చిపోయాడు. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఇక్కడి ఎండ మన రోహిణి కార్తెకి ఏమాత్రం తీసిపోదు. పైగా అందరూ వేసుకునేది ముదురు మెరూన్ టీ షర్టు. నీళ్ళు, టోపీ, సన్‌స్క్రీన్ లేకుండా వెళ్ళకు. మొదటి ఏడు నేను కళ్ళు తిరిగి పక్క టెంటు వాళ్ళ కుర్చీలో పడ్డాను.

తిండి. మనకి పులిహోరని మించింది లేదు, పొద్దున కలిపితే సాయంత్రానికి ఇంకా బాగుంటుంది. పెరుగన్నం తేవాలంటే ఐస్ మీదే ఉంచాలి, లేదంటే పులిసిపోతుంది. అక్కడ నూనె కాచి వేయించే పనులు పెట్టుకోవద్దు. చికెన్‌కి అల్లం వెల్లుల్లి, కారం, పెరుగు పట్టించి ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో పెడితే గ్రిల్ మీద వేయడమే పని. నేను శాకాహారిని. నా వంతు మొక్కజొన్న పొత్తులు, నిమ్మచెక్కతో ఉప్పూ కారం రుద్ది ఇస్తాను. ఈ పొత్తుల వల్ల మాకు అయిన స్నేహాలు బిర్యానీ వల్ల కాలేదు. బిర్యానీ మనవాళ్ళే మిగల్చకుండా తినేస్తారు కదా! పక్కవాళ్ళు ప్రేమగా ప్లేటు ఇస్తారు, తీసుకునే ముందు ఏం మాంసమో అడుగు. టెక్సస్‌లో బ్రిస్కెట్ అంటే గొడ్డు మాంసం. సాసేజ్‌లో పందీ ఉండొచ్చు, గొడ్డూ ఉండొచ్చు. తిననని చెప్తే ఎవరూ నొచ్చుకోరు. హలాల్ తినే స్నేహితులుంటే వాళ్ళకి వేరే పట్టకారు, గ్రిల్ మీద వేరే పక్క ముందే అనుకోండి.

స్టేడియంలోకి వెళ్తే పారదర్శకమైన సంచీ రానిస్తారు, లేదా ఒక గ్యాలన్ జిప్ కవరు. మామూలు హ్యాండ్‌బ్యాగ్ పట్టుకెళ్తే గేటు దగ్గరినుంచి మళ్ళీ కారుదాకా నడవాలి. ఇక రంగు గురించి. ఆరెంజ్ వద్దే వద్దు, అది మన పాత ప్రత్యర్థి, ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ వాళ్ళ రంగు. నేను తెలియక కొత్త కుర్తీ వేసుకెళ్ళాను, చక్కటి కనకాంబరం రంగు. పక్క టెంటు పెద్దావిడ ఏమీ అనలేదు. నవ్వుతూ తన మెరూన్ టీ షర్టు ఒకటి తెచ్చి చేతిలో పెట్టి, మార్చుకునేదాకా అక్కడే నిలబడింది.

ఎంఎస్‌సీ (మెమోరియల్ స్టూడెంట్ సెంటర్) భవనం చుట్టూ ఉన్న పచ్చిక తొక్కకు. లోపలికి వెళ్తే టోపీ తీసెయ్. యుద్ధాల్లో చనిపోయిన ఈ యూనివర్సిటీ వాళ్ళ జ్ఞాపకంగా కట్టిన భవనం అది.

2011 బ్యాచ్, ఇప్పుడు హ్యూస్టన్

బాబూ, అక్కడివాళ్ళతో కలవాలంటే వాళ్ళ కథలు ఒకటి రెండు తెలిసుండటం మంచిది. స్టూడెంట్లు ఆటంతా నిలబడే చూస్తారు, మూడున్నర గంటలు. దానికి కారణం 1922 జనవరి 2న డాలస్‌లో సెంటర్ కాలేజీతో జరిగిన ఆట. మనవాళ్ళకి దెబ్బలు తగిలి మనుషులు తక్కువైతే, ప్రేక్షకుల్లోంచి ఇ. కింగ్ గిల్ అనే కుర్రాణ్ణి పిలిచి యూనిఫాం వేయించారు. ఆయన దిగి ఆడే అవసరం రాలేదు. 22-14తో గెలిచారు. కానీ ఆట అయ్యేదాకా సిద్ధంగా నిలబడే ఉన్నాడు. జట్టులో ఆడేది పదకొండు మంది, అందుకే ఆయన ‘ట్వెల్త్ మ్యాన్’, పన్నెండో మనిషి. మన స్టేడియం కైల్ ఫీల్డ్‌లో 1,02,733 మంది పడతారు, దాని మీద కూడా ఆ మాటే రాసుంటుంది.

మన యూనివర్సిటీ మస్కట్, కోలీ కుక్క రెవెలీ కనిపిస్తే ‘మిస్ రెవ్’ అనాలి, కేడెట్ల దళంలో అందరికంటే పెద్ద హోదా దానిదే. నేను మొదట్లో నవ్వాను. తర్వాత నేనూ అలాగే అన్నాను.

నేను వచ్చిన ఏడే, 2011 నవంబరులో, ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీతో పాత వరసలో చివరి ఆట. ఆఖరి క్షణంలో ఫీల్డ్ గోల్ కొట్టి 27-25తో వాళ్ళు గెలిచారు. 2012లో మనం ఎస్ఈసీ అనే కాలేజీల లీగ్‌కి మారాం, ఆ ఏడే మన ఆటగాడు జానీ మాంజియెల్ మొదటి సంవత్సరం కుర్రాడిగా హైస్మన్ (దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడి అవార్డు) గెలిచాడు. టెక్సస్‌తో మళ్ళీ ఆడింది 2024 నవంబరు 30న. అప్పుడూ 17-7తో ఓడాం. టికెట్ల ధరలు చూసి నేను టెంటులోనే కూర్చున్నాను, మా అబ్బాయి మీద ఒట్టు, ఏ బాధా లేదు.

పాతవాళ్ళ మధ్య బాన్‌ఫైర్ (టెక్సస్‌తో ఆటకి ముందు దుంగలు పేర్చి వేసే పెద్ద మంట) మాట వస్తే జోకులు వేయకండి. 1999 నవంబరు 18న ఆ దుంగల కట్టడం కూలి 12 మంది చనిపోయారు. వింటూ ఉండండి, చాలు.

కొత్త ఎంఎస్ విద్యార్థి

అందరికీ థ్యాంక్స్ అన్నా, అక్కా, సార్. చెత్త ఎత్తే పని నాదేనని రూమ్‌లో చెప్పేశాను, అందరూ అనుమానంగా చూశారు. ఆట ఏమిటో నాలుగు ముక్కల్లో చెప్తారా? టికెట్ ఎలా?

పీహెచ్‌డీ నాలుగో ఏడు

బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకి నాలుగు అవకాశాలు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకెళ్తే మళ్ళీ నాలుగు వస్తాయి. వెళ్ళలేమనిపిస్తే నాలుగోసారి బంతిని దూరంగా తన్నేస్తారు. చివరి గీత దాటితే 6 పాయింట్లు, ఆపైన కిక్‌కి 1. దూరం నుంచి స్తంభాల మధ్యలోంచి తన్నితే 3. మిగతా రూల్స్ నాకే సరిగా రావు, నాలుగేళ్ళ నుంచి తల ఊపుతున్నాను.

ముఖ్యంగా తెలియాల్సింది అరవాల్సింది ఎప్పుడన్నది. బంతి మనవాళ్ళ చేతిలో ఉన్నప్పుడు నోరు మూసుకోవాలి, అవతలివాళ్ళ చేతిలో ఉన్నప్పుడు గొంతు చించుకోవాలి. వాళ్ళ మాట వాళ్ళకి వినపడకూడదు, అదీ ఎత్తు. క్రికెట్ అలవాటుతో మనవాడు పరిగెడుతున్నాడని నేను అరిస్తే ముందు వరసంతా వెనక్కి తిరిగింది.

టికెట్‌కి స్పోర్ట్స్ పాస్ ఉండాలి, ఆ వారం టికెట్ తీసుకోవాలి. గ్రాడ్ స్టూడెంట్లది సోమవారం. పెద్ద ఆటలకి ముందురోజే వచ్చి టికెట్లిచ్చే చోటే పడుకుంటారు. పాస్ లేకపోయినా ముందురోజు రాత్రి పన్నెండుకి స్టేడియంలో మిడ్‌నైట్ యెల్ (అందరూ కలిసి నినాదాలు అరిచే సభ) చూడు, టికెట్ అక్కర్లేదు. చివర్లో లైట్లు ఆర్పుతారు, జంటలు ముద్దులు పెట్టుకుంటారు. మనలాంటి వాళ్ళు ఆకాశం చూడాలి. ఆకాశం బాగానే ఉంటుంది.

కొత్త ఎంఎస్ విద్యార్థి (నవంబరు 2025)

అన్నా, అక్కా, ఏడింటిలో ఐదు ఆటలకి వెళ్ళాను, మిడ్‌టర్ముల వారం మానేశాను. మొన్న 15న సౌత్ కరోలైనా ఆట సంగతి ఇక్కడ రాయకుండా ఉండలేను. పొద్దున 11కి ఆట కాబట్టి టిఫిన్ టెయిల్‌గేట్ పెట్టాం. ఇడ్లీలు, అల్లం చట్నీ. సగం ఆటకి 30-3తో వెనకబడ్డాం. మా సీనియర్ ఒకాయన దండం పెట్టి, సామాను సర్దమన్నాడు. మడిచే పని నాది కదా. టీవీ తీసి డబ్బాలో పెట్టాను, టెంటు కాళ్ళు విప్పాను, సగంమంది కార్లవైపు నడిచారు.

అప్పుడు స్టేడియంలోంచి గోల మొదలైంది. మొదటిసారి ఎవరూ పట్టించుకోలేదు. రెండోసారికి సర్దుతున్న చేతులు ఆగాయి. మూడోసారికి ఆ సీనియరే పరిగెత్తుకొచ్చి టీవీ మళ్ళీ పెట్టమన్నాడు. టెంటు నేలమీద పడుంది, ఎండలో కూలర్ మీద టీవీ పెట్టి, కనపడక దుప్పటి కప్పుకుని ఆరుగురం దాని కింద దూరాం. పక్క టెంటు తాతగారు కూడా దూరారు. రెండో సగంలో మనకి 28, వాళ్ళకి సున్నా. 31-30! స్కూల్ చరిత్రలో ఇంత వెనకబడి గెలవడం ఇదే మొదటిసారని ఆ తాతగారు నా భుజం విరిగేలా తట్టి చెప్పారు. ఆయనకి మిగిలిన ఇడ్లీలు నాలుగు కట్టిచ్చాను.

ఈ శనివారం శాంఫర్డ్‌తో ఆట, ఐస్ నేనే తెస్తాను. ఆ గోలలో మా పెద్ద కూలర్ మూత ఎవరి సామాన్లోకో వెళ్ళిపోయింది. ఎర్రది, ఒక మూల విరిగి ఉంటుంది. ఎవరికైనా కనిపిస్తే ఇక్కడ చెప్పండి.