సోయా చెక్క తగ్గించి లైసిన్ కలిపితే పందికి సరిపోతుందా?

కొత్తషెడ్డు:
షెడ్డులో 40 పందులున్నాయి, యార్క్‌షైర్ సంకరాలు, 30 కిలోలు దాటాయి. దాణా నేనే కలుపుకుంటాను. నూరు కిలోలకి మొక్కజొన్న 70, సోయా చెక్క 27, మిగతాది మినరల్ మిక్స్చర్, ఉప్పు. సోయా ఖర్చు తట్టుకోలేకపోతున్నా. దాణా కొట్టు ఆయనేమో "దాని బదులు వేరుశెనగ చెక్క వెయ్యి, ప్రొటీన్ అంతే కదా" అంటాడు. ఒక మిత్రుడు సోయా 19కి దించి లైసిన్ పొడి వెయ్యమంటున్నాడు. అలా చేస్తే ప్రొటీన్ 18 నుంచి 15కి పడిపోతుంది. పందులు గిడసబారిపోవా? ఎవరి మాట వినాలి?

లెక్కలమాష్టారు:
కొట్టాయన మాట మాత్రం వినకండి. నేను కాగితం మీద వేసి చూశాను. 27 కిలోల సోయా వేసినా, 27 కిలోల వేరుశెనగ చెక్క వేసినా ప్రొటీన్ 18 దగ్గరే తేలుతుంది. లైసిన్ మాత్రం సోయా దాణాలో 0.96 శాతం, వేరుశెనగ దాణాలో సుమారు 0.6. పందికి కావలసింది ప్రొటీన్ అంకె కాదండీ, అందులోని అమైనో ఆమ్లాలు, అంటే ప్రొటీన్‌ని కట్టే ఇటుకలు. లైసిన్ వాటిలో ఒకటి. మొక్కజొన్న, నూకలు, తవుడు, ఏది పెట్టినా ముందు కొరత పడేది లైసినే. అది చాలనప్పుడు మిగతా ఆమ్లాలు ఎంత ఉన్నా కండ కట్టవు, విరిగిపోయి మూత్రంలో యూరియాగా పోతాయి. మీరు డబ్బు పోసి కొన్న ప్రొటీన్ షెడ్డులో అమ్మోనియా కంపు అవుతుంది, అంతే. వేరుశెనగ చెక్కకి బూజు పడితే వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం గొడవ వేరే.

మీ మిత్రుడి లెక్క నయం. మొక్కజొన్న 78, సోయా 19, లైసిన్ పొడి (లైసిన్ హైడ్రోక్లోరైడ్) 300 గ్రాములు. ప్రొటీన్ 15.4కి దిగుతుంది కానీ లైసిన్ 0.98. ఆ పొడిలో నికరంగా లైసిన్ 78 శాతమే. సంచి మీద 98.5 అని ఉండేది పొడి స్వచ్ఛత. చాలామంది అక్కడే తప్పులో కాలేస్తారు.

పాతకాపు:
ముప్పై ఏండ్ల సంది పందులు సాదుతున్న. హోటల్ అన్నం, తవుడు, ఇంత చెక్క. లైసిన్ పేరు మొన్న మొన్ననే విన్న. నా పందులు పెరగలేదా? ఇదంతా కోళ్లఫారం లెక్క.

లెక్కలమాష్టారు:
పెరిగాయి అన్నా, కాదనను. ఎన్ని నెలలకి? హోటల్ కూడులో ముప్పాతిక నీళ్లే. ఇవాళ బిర్యానీ, రేపు సాంబారన్నం, ఏ రోజు ఏం తిన్నదో పందికే తెలియాలి. పైగా 2020లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల ప్రాణాంతక జబ్బు మన దేశంలోకి వచ్చింది. ఎంగిలి కూడులో జబ్బు పంది మాంసం ముక్క ఒక్కటి పడ్డా చాలు, అంటుకుంటుంది. పెట్టేదుంటే బాగా ఉడకబెట్టి పెట్టండి.

తిరుపతివెటర్నరీ:
మాష్టారి లెక్క బాగుంది కానీ రెండు కంతలున్నాయి. ఒకటి, సోయా తగ్గిస్తే లైసిన్ ఒక్కటే తగ్గదు. ఆ 15.4 శాతం దాణాలో త్రియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం 0.57 శాతం దగ్గర ఆగుతుంది. లైసిన్ నూరైతే త్రియోనిన్ అరవై పైన ఉండాలి. నూరు కిలోలకి ఓ 60 గ్రాముల త్రియోనిన్ పొడి కూడా కలపాలి. మెథియోనిన్, ట్రిప్టోఫాన్ అనే ఇంకో రెండు ఆమ్లాలు అంచు మీద ఉన్నాయి. సోయాని ఇంకా దించితే అవీ కొనాలి, అప్పుడు మిగిలేది ఏమీ ఉండదు.

రెండోది ఎవరూ మాట్లాడరు. రోజుకి ఒక్కపూటే మేత పెట్టే చోట పొడి లైసిన్ సగం దండగ. అది గబగబా రక్తంలో చేరిపోతుంది, సోయా నుంచి రావలసిన ఆమ్లాలు అరిగి వచ్చేసరికి జతకు ఉండదు. ఒంటిపూట మేత అయితే సోయానే మేలు. రెండు మూడు పూటలు పెట్టేవాళ్లే పొడి జోలికి వెళ్లాలి.

లెక్కలమాష్టారు:
పూటల సంగతి నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నా.

పాతకాపు:
ఇంకోటి చెప్త. సోయా తగ్గించిన పందికి కొవ్వు పడతది. మాంసం కొట్టోడు ధర కోస్తడు.

తిరుపతివెటర్నరీ:
నిజమే పెద్దాయనా, మీ అనుభవం తప్పు కాదు. ఎక్కువైన ప్రొటీన్ని విరిచి పారెయ్యడానికి పందికి శక్తి ఖర్చవుతుంది. ఆ ఖర్చు తప్పితే మిగిలిన శక్తి కొవ్వు అవుతుంది. మొక్కజొన్న 78 బదులు 74 వేసి, ఆ నాలుగు కిలోలు నూనె తీసిన తవుడుతో నింపితే కొంత సర్దుకుంటుంది.

కొత్తషెడ్డు:
రెండు పూటలే పెడుతున్నా, సరే. పక్కింటివాళ్లు కంపు గురించి పోట్లాడుతున్నారు, దానికేమైనా లాభముందా? ఇంకో సందేహం. ఒకచోట చవగ్గా చెక్క దొరుకుతోంది, ల్యాబ్ కాగితంలో ప్రొటీన్ 48 అని ఉంది. నమ్మొచ్చా?

తిరుపతివెటర్నరీ:
ప్రొటీన్ ఒక పాయింటు తగ్గితే బయటికి పోయే నత్రజని 8 నుంచి 10 శాతం తగ్గుతుంది. మూడు పాయింట్లంటే దాదాపు పాతిక శాతం. ముక్కుకి తెలుస్తుంది. ఇక ఆ కాగితం. ల్యాబ్ కొలిచేది నత్రజనిని, దాన్ని 6.25తో హెచ్చవేసి ప్రొటీన్ అని రాస్తారు. క్వింటాలు చెక్కలో ఒక్క కిలో యూరియా కలిపితే కాగితం మీద దాదాపు మూడు పాయింట్లు పెరుగుతాయి. ఆవైతే దాన్ని కొంత వాడుకుంటుంది, పందికి అది దాదాపు ఎందుకూ పనికిరాదు, మూత్రంలో పోతుంది. యూరియా పరీక్ష విడిగా అడగండి.

కొత్తషెడ్డు:
అయితే 20 పందులకి పాత దాణా, 20కి కొత్తది పెట్టి చూస్తా. కానీ తూకం లేదు నా దగ్గర.

పాతకాపు:
తూకమెందుకు తమ్మీ, టేపు తీస్కో. ముందుకాళ్ల ఎనక రొమ్ము చుట్టుకొలత, చెవుల నడిమి నుంచి తోక మొదలు దాకా పొడుగు, రెండూ మీటర్లల్ల. చుట్టుకొలతని దాంతోనే హెచ్చెయ్యి, పొడుగుతోని హెచ్చెయ్యి, మళ్ల 69తోని. కిలోలు వస్తయి. మేత పెట్టకముందు పొద్దుగాల కొలువు, పంది తల ఎత్తి నిలబడకుండ చూస్కో.