అప్‌డేట్: టూ స్ట్రోక్ ఏటీవీ వేడెక్కాక రేసు దానంతటదే పెరగడం – సమస్య తీరింది

అల్లూరు వైపు రొయ్యల గుంటల గట్ల మీద తిరగడానికి కొన్న సెకండ్ హ్యాండ్ టూ స్ట్రోక్ ఏటీవీ (మట్టిదారుల్లో నడిపే నాలుగు చక్రాల బండి) గురించి ఇంతకుముందు ఇక్కడ అడిగింది నేనే. వేడెక్కాక యాక్సిలరేటర్ వదిలినా రేసు దిగేది కాదు, ప్లగ్ తెల్లగా ఉండేది.

ఎయిర్ లీక్ చూడమన్న అన్నకు చాలా థ్యాంక్స్, మీరు చెప్పిందే నిజం. కావలి మెకానిక్ కార్బొరేటర్, సైలెన్సర్ దారులు రబ్బరుతో మూసి, 6 పీఎస్‌ఐ గాలి పట్టి, సబ్బునీళ్లు పూశాడు. మాగ్నెటో (ఇంజిన్ పక్కన కరెంటు పుట్టించే భాగం) వెనక సన్నగా నురగ కట్టింది. అక్కడ క్రాంక్ షాఫ్ట్ చుట్టూ గాలి దూరకుండా ఆపే క్రాంక్ సీలు గట్టిపడి పగిలిపోయింది. అక్కడ గాలి దూరి మిక్చర్ పల్చబడేది, అంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువయ్యేది; రేసు దిగకపోవడం, ప్లగ్ తెల్లబడడం అందుకే. ఇంకొన్నాళ్లు అలాగే నడిపితే పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుని పట్టేసేదట. విప్పి చూస్తే పిస్టన్ మీద ఎగ్జాస్ట్ వైపు గీతలు మొదలయ్యాయి, రింగులు కూడా మార్చాం.

అంతకుముందు కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం (జెట్) కడగడం, కొత్త ప్లగ్ వేయడం వల్ల ఉపయోగం లేకపోయింది. ఆయిల్ పాళ్లకూ దీనికీ సంబంధం లేదు, ఇప్పటికీ లీటరు పెట్రోలుకు 30 మిల్లీలే కలుపుతున్నాను. క్లచ్ వైపు సీలు పోతే తెల్లపొగ వచ్చి గేర్ ఆయిల్ తగ్గుతుందట, నాకు ఆ లక్షణం లేదు.

బండి అమ్మను. తేలిగ్గా ఉంటుంది, గట్టు ఎక్కేటప్పుడు ఆ లాగుడు నాకు చాలా ఇష్టం. కాకపోతే ఇంజిన్ బ్రేకింగ్ (యాక్సిలరేటర్ వదిలితే ఇంజినే బండి వేగం తగ్గించడం) దాదాపు ఉండదు. యాక్సిలరేటర్ పూర్తిగా మూసి గేర్‌లో ఎక్కువ దూరం దిగితే పెట్రోలుతోపాటు ఆయిలూ అందదు, అందుకే మధ్యమధ్యలో యాక్సిలరేటర్ కొంచెం ఇస్తున్నాను.