అమ్మానాన్న బ్యాంకాక్ టూర్: చేతికి డాలర్లు ఇవ్వాలా, కార్డు ఇవ్వాలా?

కాకినాడ_చిన్నోడు: వచ్చే నెల అమ్మానాన్న ఊళ్లోవాళ్లతో కలిసి బ్యాంకాక్, పట్టాయా టూర్ వెళ్తున్నారు. 5 రోజులు. నాన్నకి 64. పైఖర్చులకి ఫారెక్స్ కార్డు (విదేశీ డబ్బు ముందే లోడ్ చేసుకునే కార్డు) చేయించనా, డాలర్లు కొనివ్వనా?

తెనాలి_పెద్దబ్బాయి: కార్డే. బాత్‌లు, అంటే థాయ్‌లాండ్ డబ్బు, లోడ్ చేయించండి. ఏటీఎంలోగానీ షాపులోగానీ రూపాయల్లో కట్ చేయమంటారా అని మెషీన్ అడుగుతుంది, వద్దని బాత్‌లే నొక్కమనండి. రూపాయలు నొక్కితే వాళ్లు వేసిందే రేటు.

హనుమకొండ_వాసి: అక్కడ ఏటీఎంలో తీసిన ప్రతిసారీ చార్జీ కింద రెండొందలకి పైగా బాత్‌లు కట్. వెయ్యి తీసినా అంతే, పదివేలు తీసినా అంతే. డాలర్లే ఇవ్వండి. 100 నోట్లే అడిగి తీసుకోండి, చిన్న నోట్లకి అక్కడ రేటు తగ్గిస్తారు. గీతలు, మరకలు ఉన్న నోటు తీసుకోరు. బ్యాంకాక్ ఎయిర్‌పోర్టు సువర్ణభూమిలో దిగగానే కనిపించే కౌంటర్లు వద్దు, కింద రైలు స్టేషన్ దగ్గర డబ్బు మార్చే సూపర్‌రిచ్‌ కౌంటర్లో మంచి రేటు వస్తుంది.

తెనాలి_పెద్దబ్బాయి: టూర్ బస్సు బయట ఆగి ఉంటే ఆయన లగేజీ ఈడ్చుకుంటూ బేస్‌మెంట్‌కి వెళ్తాడా?

నెల్లూరు_రెడ్డమ్మ: మామూలు డెబిట్ కార్డు ఇస్తే ముందే ఇంటర్నేషనల్ ఆన్ చేయండి. 2020 నుంచి కొత్త కార్డులకి అది ఆఫ్‌లోనే వస్తుంది.

హనుమకొండ_వాసి: ఏటీఎం చార్జీ సంగతికి జవాబు రాలేదు.

తెనాలి_పెద్దబ్బాయి: ఆ చార్జీ పట్టుకుని వేలాడకండి సార్! పట్టాయాలో మా అమ్మ హ్యాండ్‌బ్యాగ్ పోయింది, అందులో 600 డాలర్లు. మిగిలిన రెండు రోజులూ హోటల్ గదిలోంచి బయటికి రాలేదు. కార్డయితే ఫోన్‌లోనే బ్లాక్ చేసేవాణ్ని. పెద్దవాళ్ల చేతికి అంత డబ్బు ఇవ్వకూడదు, అంతే.

హనుమకొండ_వాసి: అదిగో, మీ అసలు మాట అదన్నమాట. 2019లో నేనూ అలాగే అనుకుని కార్డు, బాత్‌లు అన్నీ నా జేబులోనే పెట్టుకున్నా. మా నాన్న ముప్పై ఏళ్లు కిరాణా కొట్టు నడిపిన మనిషి. మొదటి రోజు మూడుసార్లు "ఒక యాభై ఇస్తావురా" అని అడిగిండు. రెండో రోజు కొబ్బరి ఐస్‌క్రీం బండి దగ్గర కాసేపు నిలబడి, నా వైపు చూసి, "ఏం లేదు, పద" అన్నడు. రేటు గురించి కాదండీ నేను కొట్లాడేది. ఆయన జేబులో ఆయన డబ్బు ఉండాలి.

తెనాలి_పెద్దబ్బాయి: పోయినప్పుడు ఏడ్చేది కూడా వాళ్లే. అది మీరు చూడలేదు.

నెల్లూరు_రెడ్డమ్మ: ఇంతకీ వెళ్లేవాళ్లని అడిగారా?

కాకినాడ_చిన్నోడు: అడగలేదండీ, ఇప్పుడే ఫోన్ చేశా. కార్డు పిన్ గుర్తుపెట్టుకోవడం టెన్షన్, నోట్లే కావాలన్నారు. సగం అమ్మ దగ్గర పెడతారట.

తెనాలి_పెద్దబ్బాయి: సరే. అమ్మగారి సగం మాత్రం హ్యాండ్‌బ్యాగ్‌లో వద్దు. నడుముకి కట్టుకునే జిప్ పర్సు కొనివ్వండి.