బేస్‌బాల్‌లో ఫీల్డర్ల బాధ్యతలు, బ్యాటింగ్ వరుస గురించి కొన్ని సందేహాలు

క్రికెట్ చూస్తూ పెరిగిన నేను ఇప్పుడు అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్ మ్యాచ్‌లు చూస్తున్నాను. తొమ్మిది మంది వరుసగా బ్యాటింగ్ చేస్తారనీ, ఇన్నింగ్స్ మారినా ఆ వరుస ఆగిన చోటి నుంచే కొనసాగుతుందనీ అర్థమైంది. 2022 నుంచి రెండు లీగుల్లోనూ పిచర్‌కు (బంతి విసిరే ఆటగాడికి) బదులు డిజిగ్నేటెడ్ హిట్టర్, అంటే బ్యాటింగ్ కోసమే ఉండే ఆటగాడు, బ్యాటింగ్ చేయవచ్చన్న నియమమూ తెలుసు.

చిక్కంతా ఫీల్డింగ్‌తోనే. మొదటి బేస్‌లో (రన్నర్ వరుసగా చేరాల్సిన మజిలీల్లో మొదటిది) రన్నర్ ఉండగా బంతి నేలబారుగా షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) వైపు వెళితే, అతడు దానిని సెకండ్ బేస్‌మన్‌కు అందిస్తాడు. ఆయన బేస్‌ను తొక్కి వెంటనే మొదటి బేస్‌కు విసరడంతో రన్నర్, బ్యాటర్ ఇద్దరూ ఔటవుతారు. స్కోరుకార్డులో దీనిని ఫీల్డర్ల స్థానాల అంకెలతో (షార్ట్‌స్టాప్ 6, సెకండ్ బేస్‌మన్ 4, ఫస్ట్ బేస్‌మన్ 3) 6-4-3 అని రాస్తారు. అదే బంతి ఫస్ట్ బేస్‌మన్‌కు చిక్కి, ఆయన ముందుగా తన బేస్‌నే తొక్కితే మాత్రం, రెండో బేస్‌కు పరుగెత్తుతున్న రన్నర్‌ను బంతితో తాకితే తప్ప ఔట్ కాదట. రనౌట్ అంటే వికెట్లు పడగొట్టడమేనని తెలిసిన నాబోటి వారికి ఈ తేడా అంత తేలిగ్గా మింగుడుపడదు. బ్యాటర్ ఔటైపోయాక రన్నర్ ముందుకు పరుగెత్తక తప్పని పరిస్థితి ఉండదు కనుకనే ఇలా అన్న నా ఊహ సరైనదేనా?

రన్నర్ స్టీల్‌కు (బ్యాటర్ బంతిని కొట్టకుండానే తర్వాతి బేస్‌కు పరుగెత్తడానికి) ప్రయత్నించినప్పుడు రెండో బేస్‌ను షార్ట్‌స్టాప్ కాయాలా, సెకండ్ బేస్‌మన్ కాయాలా అన్నది బ్యాటర్ చేతివాటాన్ని బట్టి నిర్ణయిస్తారా? పించ్ హిట్టర్‌గా వచ్చిన ఆటగాడు, తాను ఎవరి బదులు వచ్చాడో వారి ఫీల్డింగ్ స్థానంలోనే నిలబడాలా? తెలిసినవారు ఏదైనా ఆట సందర్భాన్ని తీసుకుని వివరించగలరని మనవి.