సెక్షన్ 8 కంపెనీ మెంబర్స్ రిజిస్టర్ సరిచేయడం ఎలా? తెలిసినవాళ్ళు చెప్పండి

అందరికీ నమస్కారమండీ. మాది చిన్న సెక్షన్ 8 కంపెనీ, అంటే లాభం కోసం కాక సేవ కోసం పెట్టింది; షేర్లు లేవు, కంపెనీ మూతపడితే ఇంతవరకు కడతామని మెంబర్లు ఇచ్చిన గ్యారంటీ మీద నడుస్తుంది. పోయిన నెల నుంచి రికార్డులన్నీ నా చేతికొచ్చాయి. కంపెనీల చట్టం 2013 సెక్షన్ 88 ప్రకారం మెంబర్స్ రిజిస్టర్ పెట్టాలి కదా, అందులో ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు, గ్యారంటీ మొత్తం ఎంత అన్నీ ఉండాలి. మా పుస్తకం తెరిస్తే సగం పేర్లకి చేరిన తేదీ లేదు, చనిపోయిన ఒక పెద్దాయన పేరు పక్కన పెన్సిల్‌తో అడ్డగీత గీసి వదిలేశారు, తేదీ లేదు సంతకం లేదు, చూస్తే బాధేసింది.

లెక్కల పుస్తకాలు 8 ఏళ్ళు ఉంచితే చాలు కానీ ఈ రిజిస్టర్ శాశ్వతంగా దాచాలి, అందుకే భయం. పాత మీటింగుల మినిట్స్ చూసి తేదీలు ఇప్పుడు నింపొచ్చా, లేక బోర్డు తీర్మానం చేసి కొత్త పుస్తకం మొదలుపెట్టాలా? పాతది మాత్రం పారేయను.

ఇంకోటి, ఒక మెంబర్ రిజిస్టర్ చూస్తానన్నారు, సెక్షన్ 94 ప్రకారం ఫీజు లేకుండా చూపించాలి, అది ఆయన హక్కే, కానీ అందులో అందరి పాన్ నంబర్లు కూడా ఉన్నాయి, అవి కప్పి చూపించొచ్చా? ఇలాంటిది చేసినవాళ్ళుంటే దయచేసి చెప్పండి.