సముద్రం అడుగున బొగ్గుపులుసు వాయువును దాచితే నిలుస్తుందా?

బేతంచెర్ల_బండలు: మా పాపకు కాలేజీలో సెమినార్. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను సముద్రంలో దాచడం గురించి మాట్లాడాలంట. బండలు కోసుకునే నన్నడిగితే ఏం చెప్పేది? పైపు వేసి అడుగుకు పంపితే అక్కడే పడి ఉంటుందా? తెలిసినవాళ్లు మామూలు మాటల్లో చెప్పండప్పా.

కడప_కెమిస్ట్రీ: ఆలోచన పాతదే అన్నా. మధ్యధరా నీళ్లు జిబ్రాల్టర్ దగ్గర అట్లాంటిక్ లోతుల్లోకి దిగుతాయి, వాటితోపాటు గ్యాస్‌నూ దించేయొచ్చని ఇటలీకి చెందిన చెజారే మార్కెట్టి 1977లోనే రాశాడు. దాదాపు 3 కిలోమీటర్ల లోతు దాటితే ఒత్తిడికి ద్రవమైన ఈ గ్యాస్ సముద్రపు నీటికన్నా బరువెక్కి కిందికే జారుతుంది. అయితే మెల్లగా నీళ్లలో కరుగుతుంది, ఆ లోతు నీళ్లు వందల ఏళ్లకైనా పైకొస్తాయి. బాకీ తీరదు, వాయిదా పడుతుంది.

తాడిపత్రి_పాలిష్: గోలీసోడా లెక్క. గోలీ బిగిసి ఉన్నంతసేపే గ్యాస్.

కడప_కెమిస్ట్రీ: ఆ సోడా పులుపుతోనే అసలు గొడవ. పాత పుస్తకాల్లో దీని పేరే బొగ్గుపులుసు వాయువు కదా. మనం వదిలేదాంట్లో సుమారు పావు వంతు సముద్రం ఇప్పటికే మింగుతోంది. పైనీటి పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గితే పులుపు పెరిగినట్టు) 8.2 నుంచి 8.1కి దిగింది. చూడ్డానికి చిన్నదే, ఆమ్లత్వం మాత్రం సుమారు పాతిక శాతం పెరిగినట్టు.

ప్రొద్దుటూరు_అక్క: మా వంటింటి గట్టు కడప బండే. ఒకరోజు నిమ్మచెక్క బోర్లించి మరిచిపోయా. తెల్లారి చూస్తే నల్లబండ మీద గుండ్రంగా తెల్ల మచ్చ, తడిమితే గరుకు. గవ్వలకూ ఇదే గతా?

తాడిపత్రి_పాలిష్: తోమి లాభం లేదక్కా, పులుపు పాలిష్‌ను తినేసింది. చింతపండు రసమైనా అంతే. చెప్తే కస్టమర్లు వినరు.

కడప_కెమిస్ట్రీ: సముద్రంలో అంత ఘాటు ఉండదు. కాకపోతే గవ్వ, పగడం, మన బండ అన్నీ కాల్షియం కార్బొనేటే. నీళ్లు పులిసేకొద్దీ పెంకు కట్టుకోవడం కష్టం. ఈశాన్య అట్లాంటిక్ దేశాలు 2007లో నీళ్లలోకి వదలడాన్ని నిషేధించింది అందుకే. సముద్రపు నేల కింద రాతి పొరల్లోకి ఎక్కించడం వేరే సంగతి. నార్వే వాళ్లు స్లైప్నర్ అనే సహజవాయువు క్షేత్రం దగ్గర 1996 నుంచి ఆ పని చేస్తున్నారు, మొదటి ఏళ్లలో ఏటా 10 లక్షల టన్నుల దాకా ఎక్కించారు.

ఎర్రగుంట్ల_షిఫ్ట్: నాది సిమెంట్ లైను. మన కింద ఉన్నదంతా పాత సముద్రమే. అది రాయిచేసి దాచిన గ్యాస్‌ను మేం కిల్న్‌లో, అంటే బట్టీలో, కాల్చి వదిలేస్తున్నాం. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి కాలిస్తే 44 కిలోలు గ్యాసే, బొగ్గు పొగ కాక.

బేతంచెర్ల_బండలు: అంటే నేను రోజూ కోసేది దాచిన గ్యాసా! మరి ఆ సున్నాన్నే సముద్రంలో కలిపితే?

కడప_కెమిస్ట్రీ: పరిశోధన జరుగుతోంది. సున్నం పులుపును విరిచి, నీళ్లు ఇంకా గ్యాస్ పీల్చేలా చేస్తుంది. బట్టీ పొగను పట్టి దాచకపోతే మాత్రం సగం లాభం అక్కడే ఆవిరి. ఇనుము చల్లితే నాచు పెరిగి, గ్యాస్ పీల్చుకుని అడుగుకు దిగుతుందేమోనని కూడా చూశారు. 2009లో గోవాలోని సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీ వాళ్లు కలిసి దక్షిణ మహాసముద్రంలో చల్లితే నాచు పెరిగింది, సన్నపురుగులు మేసేశాయి. అడుగుకు దిగింది కొంచెమే.

ఎర్రగుంట్ల_షిఫ్ట్: పాపను బేలం గుహలకు తీసుకుపో. నేలలోకి దిగిన నీళ్లు ఈ గ్యాస్ పులుపుతోనే రాయిని ఎట్లా తిన్నాయో చూస్తుంది.

బేతంచెర్ల_బండలు: ఆదివారం పోతాం. అక్కా, నీ గట్టు మీది మచ్చ ఫొటో ఒకటి పెట్టవా? స్లైడ్‌లో వేసుకుంటుందంట.