అప్‌డేట్: 30 కిలోమీటర్ల తర్వాత మనసు మొరాయిస్తోందని అడిగాను కదా

హైదరాబాద్ ఫుల్ మారథాన్‌లో 30 దాటగానే "ఇక చాలు, ఆగిపో" అని మనసు పోరుతుంది, ఏం చేయాలి అని అడిగాను. టైమ్ మీద ఆశ వదిలెయ్యండి, నొప్పితో గొడవ పడకండి అన్నారు చాలామంది. మొన్న పరుగు అయిపోయింది.

నెక్లెస్ రోడ్డులో బయల్దేరేముందే వాచ్‌లో పేస్ (కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు పడుతోందో) కనిపించకుండా చేసి, గుండె వేగం ఒక్కటే ఉంచాను. ఆగస్టు ఉక్కలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. చలికాలం పేస్ ఇక్కడ ఆశించడం అన్యాయమే. ఫ్లైఓవర్ల ఎత్తులన్నీ నడిచే ఎక్కాను. (సిగ్గేయలేదంటే అబద్ధం. ఒక పెద్దాయన "కానియ్ బాబూ" అంటూ దాటిపోయారు.)

32 దగ్గర పిక్కలు పట్టేశాయి. ఇదివరకైతే టెన్షన్‌తో లెక్కలు మొదలయ్యేవి. ఈసారి "వచ్చావా, రా" అనుకుని, ఓఆర్‌ఎస్ తాగి, ముందున్న కరెంటు స్తంభం దాకా, మళ్లీ ఇంకో స్తంభం దాకా అంటూ సాగాను. నొప్పి తగ్గలేదు గానీ దాని గురించిన గోల తగ్గింది. "పాజిటివ్‌గా ఆలోచించు" అన్న సలహా మాత్రం నాకు అస్సలు పనిచేయలేదు.

గచ్చిబౌలి స్టేడియం చేరేసరికి పోయినసారి కంటే టైమ్ ఎక్కువే పట్టింది. జనవరిలో ముంబై మారథాన్ పరిగెత్తుదామనుకుంటున్నా. అక్కడ చివర్లో వచ్చే పెద్దర్ రోడ్డు ఎత్తు గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.